2019ల నిజామాబాద్ ఎంపీ సీటుకు నిలవడ్డ 178 మంది రైతులల్ల నేనొకన్ని. మళ్ల నామినేషన్ వెయ్యమంటున్నరు, ఏం జెయ్యాలె?

ఆర్మూర్ పసుపు రైతు:

అందరికి నమస్తే. నాకు రాసుడు పెద్దగ రాదు, ఫోన్ల మాట్లాడితే అదే టైపు చేస్తది. తప్పులుంటే సదురుకోండ్రి.

మొన్న ఐతారం మా ఊరి వీడీసీ (గ్రామాభివృద్ధి కమిటీ) ఆఫీసుల పదిమందిమి కూసున్నం. ఒకాయన నోటుబుక్కు తెరిచిండు. 2029 ఎంపీ ఎలక్షన్లకు ఇప్పటిసంది పేర్లు రాసుకోవాలంటడు. "2019ల 178 మందిమే, మిషన్లు పెట్టి నెట్టుకొచ్చిండ్రు. ఈసారి 383 దాటితే మిషన్ ఒడుస్తది, కాగితం పెట్టాల్సిందే" అని ఆయన లెక్క. నన్ను అడగకుంటనే నా పేరు మొదటి వరుసల రాసిండు. నేను కొట్టెయ్యమనలే, ఉండనియ్యమనలే. చాయ్ తాగి లేసొచ్చిన. అప్పటిసంది మనసు మనసుల లేదు.

2019 ముచ్చట తెల్వనోళ్లకు జర చెప్తా. ఆ ఏడు ఫిబ్రవరిల కొత్త పసుపు మార్కెట్లకు వస్తుంటే ధర కింద పడ్డది. పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 ఇయ్యాలె, పసుపు బోర్డు పెట్టాలె అని ఆర్మూర్ దిక్కు హైవే మీద కూసున్నం. ధర్నాల కూసుంటే లేపి పడేస్తరు. నామినేషన్ వేస్తే ఎవ్వడు లేపుతడు? గట్ల పుట్టిన ఆలోచన అది. నిజామాబాద్ సీటుకు మొత్తం 185 మంది నిలవడితే అండ్ల 178 మందిమి రైతులమే. మావోళ్లు కొందరు వారణాసి దాక గూడ పోయిండ్రు, ప్రధాని మీద వెయ్యాలని.

డిపాజిట్ 25,000. సగం వీడీసీ పెట్టింది, సగం నేను పొటాషు మందుకు దాసిన పైసలు. పార్టీ లేనోనికి పదిమంది సంతకం పెట్టాలె, అది కష్టం గాలే, మా గల్లీలనే అయిపోయింది. అఫిడవిట్ కాడ కష్టమైంది. భార్య పేరు మీద బంగారమెంత అని వకీలు అడిగిండు. నేను తులాలు లెక్క వెడుతుంటే ఆమె ఎనుకనుంచి, "పుస్తెలతాడు గూడ రాస్తున్నవా? ఓడిపోతే అది గూడ గుంజుకపోతరా?" అన్నది. ఆడున్నోళ్లంత నవ్విండ్రు. ఆమె నవ్వలే.

ఏప్రిల్ 11 నాడు ఓట్లు. ఒక్కొక్క బూతుల 12 మిషన్లు వరుసగ పెట్టిండ్రు, బట్టల దుకాణంల గల్లాల లెక్క. మా అమ్మకు అప్పటికే ఎనభై దాటింది. లోపలికి పోయి చానసేపు బయటికి రాలే. వచ్చినంక, "నీ బొమ్మ ఏడున్నదో దొరకలేదు కొడుకా, నడుము గుంజింది, కండ్లకు ఆనింది ఒత్తి వచ్చిన" అన్నది. ఎవలకు ఒత్తిందో ఆమెకే తెల్వదు. ఇప్పుడు ఆమె గూడ లేదు. నా గుర్తేందో, నాకెన్ని ఓట్లు పడ్డయో చెప్ప, చెప్తే నేనెవలో మా మండలపోళ్లు పట్టేస్తరు. డిపాజిట్ మాత్రం పోయింది. ఆరింట ఒక వంతు ఓట్లు పడితెనే వాపస్ ఇస్తరట. 185 మందిల ఎవనికి వస్తది?

ఫలితం వచ్చింది. సిట్టింగ్ ఎంపీ కవిత గారు ఓడిండ్రు, అర్వింద్ గారు 70,875 ఓట్లతోటి గెలిచిండ్రు. బోర్డు తెస్తనని బాండ్ పేపర్ మీద రాసి సంతకం పెట్టి గెలిచిండ్రు. ఢిల్లీ టీవీలల్ల గూడ మా పసుపు పేరు చదివిండ్రు. ఆ నాడు మేము గెలిచినట్టే అనుకున్నం.

తరువాత? 2020ల స్పైసెస్ బోర్డు ప్రాంతీయ ఆఫీసు అన్నరు. 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభల ప్రధాని పసుపు బోర్డు ప్రకటించిండు. 2025 సంక్రాంతి నాడు మొదలువెట్టిండ్రు. జూన్ 29న అమిత్ షా వచ్చి నిజామాబాద్‌ల ఆఫీసు తెరిచిండు. ఆ నడుమ 2024 ఎలక్షన్ల అర్వింద్ గారే మళ్ల గెలిచిండ్రు, ఈసారి లక్షా తొమ్మిది వేల పైన మెజారిటీ.

ఇప్పుడు నా లెక్క చూడుండ్రి. 2019ల నేను అమ్మింది క్వింటాలు 5,400. 2024 మార్చిల 13,800. 2025ల 10,900. అంటే బోర్డు నడువనప్పుడు ధర వచ్చింది, బోర్డు తెరిచిన ఏడు తగ్గింది! మా ఊళ్లె ఒగలు బోర్డు తెచ్చినాయన పుణ్యమంటరు, ఒగలు బోర్డుతోనే ఖరాబైందంటరు. నాకు రెండు అబద్ధమే అనిపిస్తది. గని నిజమేందో తెల్వది.

ఇంకో ముచ్చట. 2019ల మా మీద నిలవడ్డ పెద్దోళ్లిద్దరిల ఒకలు అప్పటి ముఖ్యమంత్రి బిడ్డ కవిత గారు, ఒకలు పీసీసీ (రాష్ట్ర కాంగ్రెస్) అధ్యక్షుడు చేసినాయన కొడుకు అర్వింద్ గారు. 2023ల పక్కపొంటి కోరుట్ల అసెంబ్లీల ఆ కొడుకే నిలవడితే, గెలిచింది అప్పటి ఎమ్మెల్యే కొడుకు. ఏ గుర్తు మీద ఒత్తినా ఎవలో ఒకలి ఇంటికే పోతుంది ఓటు. మా ఇండ్లల్ల పుట్టినోళ్లు దుబాయికి పోతుండ్రు.

అడిగేదొక్కటే. ఓటుతోటి గద్దె మీదోన్ని మార్చినం, అది మాకు చాతనైంది. ధర మాత్రం మార్చలేకపోయినం. ఆ ధర ఏడ తయారైతుందో అక్కడికి ఓటు పోతదా? పోదంటే మళ్ల 25,000 పెట్టుడు ఎందుకు? తెలిసినోళ్లు చెప్పుండ్రి.


మియాపూర్ బాచిలర్:

అంకుల్, సింపుల్. నామినేషన్ వద్దు, నోటా నొక్కండి. ఊరంతా నోటా నొక్కితే దిమ్మతిరుగుద్ది.


ఆర్మూర్ పసుపు రైతు:

బాబూ, నోటా వచ్చింది 2013ల సుప్రీంకోర్టు చెప్తే. ఊరంత నొక్కినా మిగిలిన ఓట్లల్ల ఎవలకు ఎక్కువొస్తే ఆయనే ఎంపీ. దిమ్మ తిరిగేది నొక్కినోనికే.


నల్గొండ మాస్టారు:

అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఎందుకంటే మా నాన్న కూడా అలాంటి ఒక లిస్టులో ఉన్నాడు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోతుంటే, కృష్ణా నీళ్లు ఇవ్వండి, శ్రీశైలం ఎడమ గట్టు కాలువ పూర్తి చెయ్యండి అని అడిగి అడిగి విసిగి, జలసాధన సమితి పిలుపు మీద వేసిన నామినేషన్లు అవి. నాకప్పుడు పన్నెండేళ్లు. మునుగోడు దగ్గర మా ఊళ్లో మా ఇంటి ఎదురుగా ఒకాయన ఉండేవాడు, మెడ తిప్పలేడు. పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. చిన్నప్పుడు మేం ఆయన్ని అనుకరించి ఆడుకునేవాళ్లం, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఎన్నికల్లో బ్యాలెట్టు పేపరు కాదు, బ్యాలెట్టు పుస్తకం అచ్చేయాల్సి వచ్చింది. పోలింగే వాయిదా పడింది. చివరికి గెలిచింది సీపీఐ ధర్మభిక్షం గారు. మా నాన్న డిపాజిట్ 500 పోయింది.

ఇక తరువాత ఏం జరిగిందో చెప్తాను. ఢిల్లీ అందరికంటే ముందు చేసిన పని నీళ్లివ్వడం కాదు, చట్టం మార్చడం. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 చేశారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. మీ గల్లీలో మీరు పెట్టించిన ఆ పది సంతకాలు మా నాన్నలాంటి వాళ్ల పుణ్యమే! ఆ పదివేలు పెరిగి మీ దాకా వచ్చేసరికి 25,000 అయింది. మీరు 383 దాటితే ఈసారి ఎంత చేస్తారో ఊహించుకోండి.

అయితే వృథా అని మాత్రం అనను. ఫ్లోరైడ్ అనే మాట అప్పటిదాకా డాక్టర్ల నోట్లో ఉండేది, ఆ తర్వాత ఓట్లడిగే ప్రతివాడి నోట్లోకి వచ్చింది. కృష్ణా నీళ్లు ఎత్తిపోతల ద్వారా వచ్చాయి, మిషన్ భగీరథ వచ్చింది. ఇప్పుడు మా ఊళ్లో పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, అది నా కళ్లతో రోజూ క్లాసులో చూస్తున్నాను. కానీ ఆ రోజు అడిగిన శ్రీశైలం ఎడమ గట్టు కాలువ సొరంగం? 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు, మీరూ టీవీలో చూసే ఉంటారు. 1996లో అడిగింది 2025లో ఇంకా తవ్వుతూనే ఉన్నారు.

మరి మీకూ మాకూ ఒక తేడా ఉంది. నీళ్లు తెచ్చేది సర్కారే. కాబట్టి సర్కారును అడగడంలో అర్థం ఉంది, ఆలస్యమైనా వస్తాయి. పసుపు ధర అలా సర్కారు చేతిలో ఉందా అన్నది నాకు తెలీదు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పాలి.


దుగ్గిరాల వ్యాపారి:

నేను చెప్తాను, తిట్టుకుంటే తిట్టుకోండి. మాది ఆంధ్రలో దుగ్గిరాల, మూడు తరాలుగా పసుపు కొట్టు. రైతు సోదరులకి మేమంటే పడదని తెలుసు, అయినా ఈ విషయంలో అబద్ధం చెప్పి నాకొచ్చేదేం లేదు.

అన్నగారూ, ముందు ఒక లెక్క. ప్రపంచంలో పండే పసుపులో 70 శాతం పైగా మనదే. 2023-24లో దేశంలో పండింది 10.74 లక్షల టన్నులు. అందులో బయటికి పోయింది 1.62 లక్షల టన్నులు. అంటే నూటికి పదిహేను. మిగతాది మనమే కూరలో వేసుకుంటున్నాం, గడపకి రాసుకుంటున్నాం. కాబట్టి మీ ధర అమెరికావాడు తేలుస్తున్నాడనుకోవడం సగం భ్రమ. మనం ఎన్ని ఎకరాలు వేశామన్నదే తేలుస్తుంది. 2010లో పదిహేను వేల దాకా పోయింది, గుర్తుందా? ఆ ధర చూసి మీ నిజామాబాద్, మా గుంటూరు, ఈరోడ్, సాంగ్లీ అందరూ ఎగబడి వేశారు. 2012కి నాలుగు వేలు. ఆ తర్వాత అందరూ మానేశారు. కొన్నేళ్లకి మళ్లీ కథ మామూలే. 2024లో మీకు పదమూడు వేలు వచ్చింది ఏ నాయకుడి వల్లా కాదు, అంతకు ముందు ఏడాది చాలామంది వెయ్యకపోవడం వల్ల, వానలు ముఖం చాటేయడం వల్ల. మీకు ధర వచ్చిన ఏడాదే ఎలక్షన్ వచ్చింది. అంతకంటే ఏముంది?

మిగతా సగం మాత్రం భ్రమ కాదు. ధర పెరగ్గానే వియత్నాం, మయన్మార్, ఇథియోపియా సరుకు ఓడల్లో దిగుతుంది. కర్క్యుమిన్ (పసుపుకి రంగునిచ్చే పదార్థం) పిండి తీసే ఫ్యాక్టరీలకి అదే కావాలి, మన దగ్గర ఎక్కువగా పండే పసుపులో ఆ శాతం తక్కువ. ధర పైకి పోకుండా అది ఒక మూత. ధర పడినప్పుడు కింద పట్టుకునే చెయ్యి మాత్రం ఎవరిదీ లేదు. పైగా ఫ్యూచర్స్ ఒకటి, అంటే ముందు నెలల సరుకుకి ఇప్పుడే రేటు కట్టే వ్యాపారం. మీ నిజామాబాద్ పసుపు పేరు మీదే కాంట్రాక్టు నడుస్తుంది, పసుపు దుంప ముఖం చూడనివాడు కూడా ముంబైలో కూర్చుని కొంటాడు, అమ్ముతాడు. పొద్దున పది గంటలకి నా ఫోన్‌లో ఆ రేటు చూశాకే నేను యార్డుకి పోతాను. దాచుకోను, ఉన్నమాట.

ఇంకో లెక్క కూడా వెయ్యండి. ఆ 1.62 లక్షల టన్నులకి దేశానికి వచ్చింది 22.65 కోట్ల డాలర్లు. కిలోకి డాలరూ నలభై సెంట్లు, మన డబ్బులో 116 రూపాయల చిల్లర. ఎందుకంటే మనం ఎక్కువగా పంపేది కొమ్ము, పిండి. దాన్ని గొట్టాల్లో, బిళ్లల్లో వేసి అమ్ముకునేవాడు అక్కడున్నాడు. 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు గాయానికి పసుపు రాస్తే మానుతుందని పేటెంటే తీసుకున్నారు! మన కేంద్ర సర్కారు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్లు పాత సంస్కృత, ఉర్దూ గ్రంథాలు చూపించి 1997లో దాన్ని కొట్టించారు. పేటెంటు గెలిచాం సరే, బిళ్ల మాత్రం వాళ్లే అమ్ముకుంటున్నారు.

ఇప్పుడు బోర్డు సంగతి. అది వాణిజ్య శాఖ కింద ఉంది. పరిశోధన, నాణ్యత, ఎగుమతులు, కొత్త ఉత్పత్తులు దాని పని. 2030కి వంద కోట్ల డాలర్ల ఎగుమతి అని లక్ష్యం పెట్టుకున్నారు. దానికి పసుపు కొనే పని లేదు, మద్దతు ధర చెప్పే పని అంతకన్నా లేదు. మద్దతు ధర ఉన్న పంటల్లో పసుపు లేనే లేదు. మీరు 2019లో రెండు అడిగారు, ధరా, బోర్డూ. ఇవ్వడానికి తేలికైంది ఇచ్చారు.

ధర కావాలంటే దారి ఇంకోటి ఉంది. మా రాష్ట్రంలో 2020లో పసుపు పడిపోయినప్పుడు రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ క్వింటాలు 6,850కి కొంది. మేం వ్యాపారులం అప్పుడు లబలబలాడాం, ఒప్పుకుంటున్నా. కానీ ఆ కాంటా పడ్డాక మేం కూడా రేటు పెంచక తప్పలేదు. 2025లో మిర్చి పడితే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 అని ప్రకటించింది. ఆ పథకానికి రాష్ట్రం ఉత్తరం రాస్తేనే కేంద్రం కదులుతుంది. కాబట్టి మీ కోపం ఢిల్లీ సీటు మీద పెట్టి, ఆ ఉత్తరం రాయాల్సినవాళ్లని వదిలేశారేమోనని నా అనుమానం.


ఆర్మూర్ పసుపు రైతు:

సేటూ, బాగ చెప్పినవు. ఎకరాలు మేము ఎక్కువ వేస్తున్నమన్నది నిజమే. మరి విత్తనం మాత్రం ఎకరానికి ఎనిమిది తొమ్మిది క్వింటాళ్లు పడ్తది, ఒక్క ఏడు మానేస్తే మరుసటి ఏడు విత్తనం కొనాలె. మానుడు గూడ పైసలతోటే పని. జూన్‌ల పెడితే తొమ్మిది నెలలు భూమి దానిదే. తవ్వుడు, ఉడకవెట్టుడు, పదిహేను రోజులు ఎండవెట్టుడు, డ్రమ్ముల పాలిష్ పట్టుడు. గింత చేసినంక యార్డుల ఒకాయన వచ్చి నాలుగు కొమ్ములు చేతిలకు తీసుకుని, ఒకటి ఇరిచి, పగులు దిక్కు చూసి, రుమాలు కింద చెయ్యి పెట్టి పక్కాయన వేలు ఒత్తుతుండె. అప్పట్ల మా నాయన ఆ రుమాలు దిక్కే చూస్తుండె. ఇప్పుడు ఆన్లైన్ అన్నరు, స్క్రీన్ మీద రేటు కనవడ్తది. రుమాలైనా స్క్రీనైనా లోపల ఏం నడుస్తుందో అప్పుడు తెల్వది, ఇప్పుడు తెల్వది.

నువ్వు పొద్దున పది గంటలకు ఫోన్ చూస్తనన్నవు. ఆ ఒక్క ముక్క నాకు గీ ఆరేండ్లల్ల ఎవ్వలు చెప్పలే. ఎంపీ గానీ, ఎమ్మెల్యే గానీ.


దోహా నుంచి, మెట్‌పల్లి:

కాక, నమస్తే. నేను మీ పక్క మండలమే. రాత్రి డ్యూటీ దిగి చదివిన, రాయకుంట ఉండలేకపోతున్న.

మా నాయన చెరుకు పెడుతుండె. మా దిక్కు చక్కెర ఫ్యాక్టరీ మూతవడ్డది. తెరిపిస్తం తెరిపిస్తం అని ప్రతి ఎలక్షన్ల అన్ని పార్టీలు చెప్పినయి. చెరుకు పోయి పసుపు పెట్టిండు, 2019ల ఆ ధర చూసి నేను అదే ఏడు విమానం ఎక్కిన. షట్టరింగ్ కార్పెంటర్ పని.

సేటు గారు లెక్కలు బాగ చెప్పిండ్రు గని, నాది గూడ ఒక లెక్క వినుండ్రి. ఇక్కడ పెద్ద మాల్‌ల మసాలాల అర కాడ నిలవడి చూసిన. పసుపు పొడి ప్యాకెట్టు వంద గ్రాములు, మూడున్నర రియాళ్లు. మన పైసలల్ల ఎనభై దాటుతది. ఎనుక "భారత ఉత్పత్తి" అని రాసున్నది. అంటే కిలో ఎనిమిది వందల పైన. మా నాయన మొన్న అమ్మింది కిలో 110. ప్యాకెట్టు చేతిల పట్టుకుని మా నాయనకు వీడియో కాల్ చేసి చూపెట్టిన. ఆయన చానసేపు చూసి, "రంగు కలిపిండ్రు బిడ్డా, మన పసుపు గింత పచ్చగ ఉండదు" అన్నడు. ధర ముచ్చట ఎత్తనే లేదు!

ఇగ ఓటు ముచ్చట. 2020 సెప్టెంబర్‌ల, కరోనా నడుమ, గల్ఫ్‌ల పనిచేసే మనోళ్లకు ఇయ్యాల్సిన కనీస జీతం ఇంతకు తగ్గకూడదని ఉన్న లెక్కను మన కేంద్రమే 30 నుంచి 50 శాతం దాక తగ్గించింది. ఉద్యోగాలు పోకుండ కాపాడుటానికట. మా క్యాంపుల కంపెనీ మనిషి ఆ కాగితమే మాకు చూపెట్టిండు, మీ సర్కారే ఇట్ల చెప్పింది మేమేం జెయ్యాలె అని. ఎవలను అడుగుతం? తెలంగాణ హైకోర్టుల కేసు వడ్డది, 2021 జులైల వాపస్ తీసుకున్నరు. ఎంపీలు గాదు, కోర్టుకు పోయినోళ్లు చేసిన పని అది.

నాకు ఓటుంది, లిస్టుల పేరుంది. వెయ్యాలంటే మాత్రం ఊరికి రావాలె, ఇక్కడి నుంచి వేసే ఏర్పాటు లేదు. రానుపోను టికెట్టు, పదిహేను రోజుల జీతం కోత. మీకు డిపాజిట్ 25,000 అయితే నాకు ఒక్క ఓటు వెయ్యనీకె అంతకంటే ఎక్కువైతది కాక. మా క్యాంపుల నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లోళ్లమే నలభై మందిమున్నం. ఎలక్షన్ రోజు నలభై మందిమి టీవీ చూస్తం. అందుకే చెప్తున్న, మీరు పేరు కొట్టేయించకుండ్రి. మీ పేరు ఆ మిషన్ల మీద ఉంటే నాకు మా నాయన పేరు ఉన్నట్టే ఉంటది.


నల్గొండ మాస్టారు:

తమ్మీ, నీ ప్యాకెట్టు సంగతి మా పదో తరగతి పిల్లలకి లెక్కల క్లాసులో చెప్తాను, నీకు అభ్యంతరం లేకపోతే. రైతుకి 110, ప్యాకెట్టుకి 800. మధ్యలో ఎవరెవరున్నారో వాళ్లనే రాసుకు రమ్మంటాను.


దుగ్గిరాల వ్యాపారి:

మాస్టారూ, ఆ లిస్టులో నన్ను కూడా రాస్తారు, రాయించండి. నాకొచ్చేది కిలోకి రెండు మూడు రూపాయలని కూడా రాయించండి. 2025 ఆగస్టు ఆఖర్లో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం అన్నప్పుడు నాకు తెలిసిన ఎగుమతిదారు మూడు లారీలు మధ్యలోనే ఆపేశాడు, నవంబర్‌లో మసాలా దినుసులకి సడలించేదాకా ఆ సరుకు నా గోడౌన్‌లోనే ఉంది. కిరాయి నేను కట్టాను. కష్టం పోటీ పెడదామని కాదు, జరిగింది చెప్పాను.


ఆర్మూర్ పసుపు రైతు:

అందరికి దండాలు. ఇన్ని మాటలు వస్తయనుకోలే.

నిన్న పొద్దుగూకినంక నోటుబుక్కాయన ఇంటికే పోయిన. నా పేరు కొట్టెయ్యమని చెప్పుదామనే పోయిన. నడుమ దోహా పిలగాని మాట యాదికొచ్చింది, మా అమ్మ పన్నెండు మిషన్ల పొంటి నడిచింది యాదికొచ్చింది. కొట్టెయ్యమన్లే. 2029 ఇంక దూరమున్నది, పేరు ఉండనియ్యమన్న. గని దాని కింద ఇంకో పేజి తీయించిన. జనవరికి కొత్త పసుపు తవ్వుతం. ధర ఇంతకు కిందికి పోతే రాష్ట్రం కొనాలె, కేంద్రానికి ఉత్తరం రాయాలె అని డిసెంబర్లనే మా ఎమ్మెల్యే కాడికి, కలెక్టర్ కాడికి, మార్క్‌ఫెడ్ కాడికి పోవాలె. ధర పడ్డంక హైవే మీద కూసునుడు గాదు, పడకముందే పోవుడు. ఎన్ని ఊర్ల వీడీసీలు వస్తయో ఆ పేజిల రాస్తున్నం. నిన్నటికి నాలుగు. ఐదో ఊరాయన "బోర్డు వచ్చింది గదా, ఇంకేం గావాలె నీకు" అని ఫోన్ పెట్టేసిండు.

ఇంట్ల చెప్తే మా ఆమె "ఈసారి డిపాజిట్ లేదు గదా?" అని అడిగింది. లేదన్న. "అయితే పో" అన్నది.

దుగ్గిరాల సేటూ, ఒక్క ముచ్చట అడుగుత. మా దగ్గర అందరం మార్చిలనే ఒక్కసారి యార్డుకు తోలుతం, అప్పులోడు ఇంటి ముంగట నిలవడ్తడు గనక. పది క్వింటాళ్లు జులై దాక ఆపుదామనుకుంటున్న ఈసారి. మీ దిక్కు కోల్డ్ స్టోరేజిల బస్తాకు కిరాయి ఎంత తీసుకుంటరు? పురుగు పట్టకుంట ఎన్ని నెలలు ఆగుతది? నిజం చెప్పు, నీ సరుకనుకుని చెప్పు.